సర్ విలియం కాంగ్రీవు

పండుగ రాత్రులందు అవాయిచువ్వ నిప్పులు క్రక్కుచు ఆకసమున కెగయుట చూచి సంతసింపని బాలుడు మనలో అరుదు. గొట్టమునందలి మందు మండగా పుట్టిన వాయువు క్రింది రంధ్రమునుండి మహావేగమున వెడలును. ఆ త్రోపువలననే చువ్వ దానికి ఎదుటి దిక్కునకు పరుగెత్తును. ఈ సూత్రమునే ఆధారముగ గైకొని ఐరోపాఖండపు యుద్ధములలో రాకెట్టును ప్రవేశపెట్టిన ఆంగ్లేయ శిల్పి సర్ విలియం కాంగ్రీవు. ఇతని చరిత్రమున విద్యార్థులు అనుసరింపదగిన గుణములును, పరిహరింపదగిన దోషములును గూడ కలవు.

కాంగ్రీవు 1772వ సంవత్సరము మే నెల 20వ తేదీన ఇంగ్లాండునందలి కెంటు మండలమున జన్మించెను. ఇతని తండ్రి ఫిరంగిదళమున గొప్ప యధికారి. వూలిచ్ పట్టణమున ప్రభుత్వమువారి మందుగుండు కర్మాగారమునకు అధిపతి. పుత్రుడు కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చదివి 1793లో పట్టము పొందెను. పిమ్మట న్యాయశాస్త్ర మభ్యసించెను. కొంతకాలము రాజకీయపత్రిక నొకదానిని నడపి, పరువునష్టపు వ్యాజ్యమున చిక్కుకొని, ఆ వ్యాసంగమును విడిచిపెట్టెను. రెండు వృత్తులలోను నిలదొక్కుకొనలేని ఆ యువకుడు 1804 ప్రాంతమున తండ్రి కర్మాగారమున నూతన మార్గము వెదకుకొనెను.

ఆ మార్గమును చూపినది మన దక్షిణదేశమే. మైసూరు ప్రభువులగు హైదరాలీయు, టిప్పుసుల్తానును తమ సేనలలో రాకెట్టు దళములను పోషించిరి. అంతకుముందు ఐరోపావాసులు చువ్వలకు కాగితపు గొట్టములు వాడుచుండిరి. మందును గట్టిగ దట్టించినచో ఒత్తిడికి కాగితము పగిలిపోవును. మైసూరు కమ్మరులు ఇనుప గొట్టములను చేసి, వాటికి పొడవైన వెదురుబద్దలను కట్టిరి. ఇనుము ఎక్కువ ఒత్తిడి నోర్చుటచే చువ్వ మిక్కిలి దూరము పోగలిగెను. 1780లో కాంచీపురమునకు సమీపమున పొల్లిలూరు యుద్ధమునందును, 1792, 1799 సంవత్సరములలో శ్రీరంగపట్టణపు ముట్టడులయందును ఆంగ్లసైనికులు వీని దెబ్బ చవిచూచిరి. 1799 మే నెలలో టిప్పు మరణించి కోట పట్టుబడిన తరువాత కొన్ని రాకెట్లు వూలిచ్‌నకు చేరినవి.

కాంగ్రీవు మొదట లండనునందు వేడుకలకై అమ్మెడి చువ్వలను కొని పరీక్షించెను. అవి 500 మొదలు 600 గజములు మాత్రమే పోయెను. తన సొంత ధనము వెచ్చించి, మందుపాళ్లను మార్చి, ఇనుపరేకుతో గొట్టములు చేయించి, కొలతలు ఏర్పరచి, క్రమముగ వేలగజముల దూరము సాధించెను. అతని 32 పౌండ్ల రాకెట్టునకు 15 అడుగుల కఱ్ఱ కట్టబడెను. అది సుమారు 3000 గజములు పోగలిగెను. ఫిరంగివలె ఇది కాల్చినవానిని వెనుకకు తన్నదు. కావున చిన్న పడవలనుండియు దీనిని ప్రయోగింప వీలయ్యెను.

1806 అక్టోబరు 8వ తేదీన ఫ్రాన్సు తీరమందలి బులోను పట్టణముపై ఈ రాకెట్లు ప్రయోగింపబడెను. 1807 సెప్టెంబరు మాసమున ఆంగ్లేయులు డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగనుపై ఫిరంగిగుండ్లతోపాటు వీనిని కురిపించిరి. గృహములు మండెను, ప్రధాన దేవాలయము దగ్ధమయ్యెను, ఆయుధము పట్టని పౌరులనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1813లో లైప్‌జిగు యుద్ధమున నెపోలియను సేనలకెదురుగ ఒక రాకెట్టు దళము పోరాడెను. 1814లో అమెరికాయందలి బాల్టిమోరు కోటపై ప్రయోగించిన రాకెట్ల ఎఱ్ఱని వెలుగు ఆ దేశపు జాతీయగీతమున ప్రస్తావింపబడినది.

అయినను రాకెట్టు గురి నిశ్చితము కాదు. గాలికి దారితప్పును. అందుచే సేనాధిపతియగు వెల్లింగ్టను ప్రభువు దీనిని అంతగా నమ్మలేదు. 1844లో విలియం హేలు అను మఱియొక ఆంగ్లేయుడు కఱ్ఱను తొలగించి, రాకెట్టు తనచుట్టు తాను తిరుగుచు పోవునట్లు చేసి, ఈ లోపమును కొంత సవరించెను.

కాంగ్రీవు బుద్ధి ఒక్క విషయమున నిలువలేదు. దొర్లెడి గుండుచే కాలము కొలిచెడి గడియారమును కల్పించెను. దొంగనోట్లను అరికట్టుటకు రెండు రంగుల ముద్రణపద్ధతి కనిపెట్టెను. 1811లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1814లో తండ్రి మరణింపగా ఆయన బిరుదమును, ఉద్యోగమును పొందెను. 1818 మొదలు మరణపర్యంతము ప్లిమతు పట్టణ ప్రతినిధిగ పార్లమెంటునందుండెను.

ఇంతటి గౌరవము కలిగియు అతడు వ్యాపారలాభముల నాశించెను. ఐర్లండునందలి అరిగ్నా గనుల సంఘపు వ్యవహారమున మోసము జరిగెనని వ్యాజ్యము పుట్టగా, స్వదేశము విడిచి ఫ్రాన్సునకు పోయెను. 1828 మే 16వ తేదీన టూలూజు నగరమున మరణించెను.

భారతీయుల రాకెట్లను గూర్చి కాంగ్రీవు తన గ్రంథమున ప్రస్తావించెను. కాని అవి చిన్నవనియు, వేయి గజములు మించి పోవనియు తేలికగ వ్రాసెను. అతని లెక్కప్రకారమే చూచినను, అవి లండను చువ్వలకంటె చాల దూరము పోయినవే కదా! 2018లో కర్ణాటకమందలి శివమొగ్గ జిల్లా నగర గ్రామమున ఒక పాడునూతినుండి వేయికి పైగా ఇనుప రాకెట్లు బయటపడెను. వానిని కొలిమిలో కాచి కొట్టినవారి పేరు ఒక్కటియు మనకు దక్కలేదు.

విద్యార్థులారా! పరీక్షించి, కొలిచి, ఫలితములను లిఖించి ఉంచుటచే కాంగ్రీవు పేరు నిలిచినది. ఆ శ్రద్ధను మీరు నేర్వవలెను. దానితోపాటు, తనకు ముందు శ్రమించినవారి ఋణమును నిండుమనస్సుతో ఒప్పుకొనుటయు, విద్యవలన గడించిన గౌరవమును ధనాశకు బలిపెట్టకుండుటయు నేర్వవలెను.