రిచర్డు హామింగు

పని నడుచుచుండగా కంప్యూటరు హఠాత్తుగా నిలిచిపోయి, తెర నీలమగుట మన హోసూరు, కృష్ణగిరి విద్యార్థులలో పలువురు చూచియుందురు. దీనికి గల కారణములలో మెమరీ లోపమొకటి. 1 అని వ్రాసికొన్న దానిని యంత్రము 0 అని చదువును. ఇట్టి చిక్కునకు గణితమున మందు కనుగొనిన రిచర్డు హామింగు చరిత్రమును మేమిచట చెప్పబూనితిమి.

ఆయన 1915 ఫిబ్రవరి 11న అమెరికాలోని షికాగో నగరమున జన్మించెను. 1942లో గణితమున డాక్టరు పట్టము పొంది, 1946లో బెల్ పరిశోధనాలయమున చేరెను. అచటి గణనయంత్రము రిలేలతో నడిచెడిది. తప్పు దొర్లిన పసిగట్టు ఏర్పాటు దానికి కలదు. పనివారు వచ్చి సరిచేసెడివారు. కాని హామింగు లెక్కలకు దొరికినవి శని, ఆదివారములే. అప్పుడు పనివారుండరు. తప్పు కనబడగానే యంత్రము ఆ లెక్కను విడిచి తరువాతిదానికి పోయెడిది. వరుసగా రెండు సోమవారములు ఆయన వచ్చి చూడగా లెక్క తేలియుండలేదు. తప్పున్నదని ఎరిగిన యంత్రము ఆ తప్పెక్కడనో ఏల ఎరుగరాదని ఆయనకు తోచెను.

మన పద్యములందును ఇట్టి కాపు కలదు. వ్రాయసకాడు అక్షరము మార్చినచో యతి చెడి పొరపాటు బయటపడవచ్చును. అయితే సరియైన అక్షరమేదో యతి చెప్పదు, పండితుడు ఊహింపవలెను. హామింగు ఆ ఊహతో పని లేకుండ చేసెను. నాలుగంకెలకు మూడు కాపుటంకెలు చేర్చి ఏడు చేసెను. ఈ మూడును మువ్వురు కావలివారనుకొందము. ఒక్కొక్కరి కాపు నాలుగు స్థానములపై నుండును. ఏ రెండు స్థానములకును కాపు ఒక్క తీరుగ నుండదు. కావున ఎవరెవరు కేకవేసిరో చూచిన తప్పిన స్థానము తెలియును. అచట 1 ఉన్న 0గను, 0 ఉన్న 1గను మార్చిన చాలును. ఇంత సులువైన దానిని అంతకుముందెవరును తలపెట్టకుండుట మాకు వింతగనే తోచును.

ఈ పద్ధతి 1950లో ప్రకటింపబడెను. 1968లో ఆయనకు ట్యూరింగు బహుమానము లభించెను. 1998 జనవరి 7న పరమపదించెను.

నేడు పెద్ద సర్వర్లలో 64 అంకెలకు 8 కాపుటంకెలుండును; ఒక తప్పు దిద్దబడును, రెండు తప్పులు పసిగట్టబడును. ఇండ్లలోని కంప్యూటర్లలో సాధారణముగా ఈ కాపుండదు. కావున అవి మాటిమాటికి నిలిచిపోయినచో, పెద్దల సమక్షమున విద్యుత్తీగను ఊడదీసి, ర్యామ్ పలకలను తీసి, గట్టిగా మరల అమర్చి చూడవలెను. రెండు పలకలున్నచో ఒక్కొక్కదానితో నడిపింపవలెను. ఒకదానితో చక్కగా నడచి, రెండవదానితో నిలిచినచో రెండవదే చెడినదని అనుమానింపవచ్చును. దానిని వేరొక గాడిలో నుంచియు చూడవలెను. ఒక్కొక్కప్పుడు దోషము గాడిదే కావచ్చును.