యూరిపిడీసు జీవితము - బాక్ఖై నాటక వ్యాఖ్యానములు

ప్రాచీన గ్రీకు విషాద నాటక కర్తలలో మువ్వురి కృతులు మాత్రమే సమగ్రరూపమున నేటికిని నిలిచియున్నవి. వారు ఎస్కిలసు, సోఫోక్లీసు, యూరిపిడీసు. వీరిలో కడపటివాడగు యూరిపిడీసు జీవితమును, ఆతని చివరి నాటకములలో నొకటియగు బాక్ఖైయును పండితుల చేతులలో ఒకదానితో నొకటి పెనవేసికొనిపోయినవి. జీవితమును బట్టి నాటకమునకు అర్థము చెప్పినవారు కొందరు. నాటకమును బట్టి జీవితమును అల్లినవారు మరికొందరు. ఈ రెండింటిలో ఏది ఆధారము, ఏది ఆధేయము అను ప్రశ్నను విచారించుట ఈ వ్యాసమున ఉద్దిష్టము.

యూరిపిడీసు జన్మకాలమును గూర్చి ముఖ్యముగా రెండు సంప్రదాయములు కలవు. పారోసు ద్వీపమున దొరకిన కాలానుక్రమ శాసనము క్రీ.పూ. 484 ప్రాంతమును సూచించుచున్నది. రెండవ సంప్రదాయము ప్రకారము, గ్రీకులు పారసీక నౌకాబలమును సలామిసు వద్ద ఓడించిన క్రీ.పూ. 480వ సంవత్సరమున, ఆ విజయదినముననే, ఆ ద్వీపముననే ఆతడు జన్మించెను. ఆ యుద్ధమున ఎస్కిలసు పోరాడెననియు, విజయోత్సవ గానబృందమున కుమారుడగు సోఫోక్లీసు నర్తించెననియు కూడ ప్రాచీనులు చెప్పుదురు. మూడు తరముల కవులను ఒక్క ఘట్టమున కూర్చిన ఈ కథలో అందమెంత కలదో అనుమానమునకు అంత తావు కలదు. తండ్రి పేరు మ్నెసార్కసు, తల్లి పేరు క్లెయిటో. ఏథెన్సు రాజ్యమునందలి ఫ్లుయా వారి స్వగ్రామము.

ఏథెన్సునందు విషాద నాటకములు డయొనైససు దేవుని ఉత్సవములలో పోటీకై ప్రదర్శింపబడెడివి. యూరిపిడీసు క్రీ.పూ. 455లో తొలిసారి పోటీకి నిలిచి మూడవ స్థానమును పొందెను. ప్రథమ బహుమానము ఆతనికి క్రీ.పూ. 441లో గాని లభింపలేదు. నేడు విశ్వవిఖ్యాతమైన మీడియా నాటకము కూర్పబడిన నాటకబృందము క్రీ.పూ. 431లో తృతీయ స్థానమునే పొందెను. క్రీ.పూ. 428లో హిప్పోలిటసు ప్రథమ స్థానమును, క్రీ.పూ. 415లో ట్రాయి స్త్రీలు ద్వితీయ స్థానమును అందుకొనెను. సుమారు 90 నాటకములు రచించిన ఈ కవికి జీవితకాలమున దక్కిన విజయములు 4 మాత్రమే. ఆతని పేర నేడు లభించు నాటకములు 19. వానిలో రీససు అనునది ఆతనిది కాదని పలువురి అభిప్రాయము.

సమకాలికులు ఆతనిని గూర్చి వ్రాసినదానిలో అధికభాగము పరిహాసమే. హాస్యనాటక కర్తయగు అరిస్టోఫనీసు ఆతని తల్లి కూరాకులు అమ్మెడిదని పలుమారులు ఎగతాళి చేసెను. ఆమె ఉన్నత కుటుంబమునకు చెందినదని ఫిలొకోరసు అను ప్రాచీన చరిత్రకారుడు దీనిని ఖండించెను. క్రీ.పూ. 411లో అరిస్టోఫనీసు ప్రదర్శించిన ఒక ప్రహసనమున, తమ గుట్టు రట్టుచేయుచున్నాడని స్త్రీలు వ్రతదినమున సభ తీర్చి యూరిపిడీసును దండింప నిశ్చయింతురు. హాస్యమునకై కల్పింపబడిన ఈ ఘట్టమే తరువాతి జీవితచరిత్రలలో నిజముగా జరిగిన సంఘటనగా చోటు చేసికొన్నది.

ఈ పరిణామమునకు సాక్ష్యము ఈజిప్టు ఇసుకలలో దొరకినది. సాటిరసు అను రచయిత సంవాదరూపమున వ్రాసిన యూరిపిడీసు జీవితము ఆక్సిరింకసునందలి పపైరసు శకలములనుండి 1912లో ప్రకటింపబడెను. అందు నాటకములలోని పాత్రల మాటలు కవి స్వీయానుభవములుగను, ప్రహసనములలోని కల్పనలు చరిత్రగను స్వీకరింపబడినవి. గ్రీకు కవుల ప్రాచీన జీవితకథలు అధికభాగము వారి కృతులనుండియు, హాస్యనాటకములనుండియు పుట్టినవని మేరీ లెఫ్‌కోవిట్జు 1981లో ప్రకటించిన గ్రంథమున సోదాహరణముగా నిరూపించెను.

యూరిపిడీసు తన చివరి దినములలో ఏథెన్సును విడిచి మాసిడోనియా రాజగు ఆర్కెలాసు ఆస్థానమునకు పోయెనని సంప్రదాయము. అరిస్టాటిలు రాజనీతి గ్రంథమున ఆర్కెలాసు ఆతనికి పక్షపాతియై వర్తించిన ఒక సందర్భము ప్రస్తావింపబడినది. బాక్ఖైలో మాసిడోనియా నదుల ప్రశంస కలదు. ఐనను క్రీ.పూ. 405లో, కవి మరణించిన కొలదికాలమునకే, అరిస్టోఫనీసు వ్రాసిన కప్పలు అను నాటకమున ఈ ప్రవాసము మాటయే లేదు. దీనిని ఆధారముగా గొని స్కాట్ స్కలియను 2003లో ఆ ప్రవాసమునే శంకించెను. కవి మరణము క్రీ.పూ. 406 ప్రాంతమున సంభవించెను. ఆతని మరణానంతరము అదే నామము గల ఆతని బంధువు బాక్ఖైని, మరి రెండు నాటకములను ఏథెన్సులో ప్రదర్శింపగా ప్రథమ బహుమానము లభించెను.

ఆ నాటకమునందలి కథ ఇది. డయొనైససు మానవరూపమున తన జన్మస్థానమగు థీబ్సు నగరమునకు వచ్చును. యువరాజైన పెంథ్యూసు ఆతని దైవత్వమును తిరస్కరించి ఆతనిని బంధించును. దేవుడు ఆ రాజు మతిని భ్రమింపజేసి, స్త్రీవేషము వేయించి, ఉన్మత్తలైన భక్తురాండ్రు సంచరించు సిథైరాను పర్వతమునకు గొనిపోవును. అచట వారు ఆతనిని చీల్చి చంపుదురు. వారికి ముందు నడచినది స్వయముగా ఆతని తల్లి అగావే. కుమారుని శిరస్సును సింహపు తలయని భ్రమించి ఆమె నగరమునకు తెచ్చును. పిదప తెలివి వచ్చి చేతిలోనిదేమో గుర్తించును.

దేవతలను ప్రశ్నించిన కవియని పేరొందిన యూరిపిడీసు ఈ నాటకమును ఏల వ్రాసెను? పందొమ్మిదవ శతాబ్ది పండితులలో పలువురు దీనిని పశ్చాత్తాప కృతిగా గ్రహించిరి. వృద్ధాప్యమున కవి తన నాస్తికభావములను విడిచి సంప్రదాయమతమును శరణుజొచ్చెనని వారి ఊహ. 1872లో నీచీ విషాద నాటక జననమును గూర్చి వ్రాయుచు, సోక్రటీసు హేతువాదమునకు లోబడి యూరిపిడీసు విషాద నాటకమును చంపెననియు, తుదకు బాక్ఖైలో డయొనైససు ఎదుట ఓటమిని అంగీకరించెననియు సిద్ధాంతీకరించెను.

దీనికి సరిగా ఎదురు పక్షము ఇంగ్లండున తలయెత్తెను. 1908లో గిల్బర్టు నార్వుడు, 1910లో ఎ. డబ్ల్యు. వెర్రలు ఈ నాటకమును హేతువాదపరముగా వ్యాఖ్యానించిరి. నార్వుడు మతమున, వచ్చిన అపరిచితుడు దేవుడు కాడు. జనులను సమ్మోహపరచు మానవుడు. రాజప్రాసాదము కూలిన అద్భుతమును వాస్తవముగా జరుగలేదు. కవి మతమును పొగడుచున్నట్లు కనబడుచు లోలోన ఖండించుచున్నాడని వీరి వాదము.

పరస్పర విరుద్ధములైన ఈ రెండు పక్షములకును పునాది ఒక్కటే. కవి మతవిశ్వాసమేమో తేలినచో నాటకము విడిపోవునని ఉభయులును తలంచిరి. ఈ పునాదిని కదల్చినవాడు ఇ. ఆర్. డాడ్సు. 1944లో తాను పరిష్కరించిన బాక్ఖై ప్రతి పీఠికలో ఆతడు ఈ ప్రశ్నయే తప్పుదారి అని చూపెను. డయొనైససు మంచివాడా, చెడ్డవాడా అనుట వానను, వరదను గూర్చి అట్లడుగుట వంటిది. ఆతడు మానవునిలో అంతర్గతమైయున్న శక్తి. దానిని అంగీకరించినవానికి ఆనందము, అణచినవానికి వినాశము. 1948లో ఆర్. పి. విన్నింగ్టన్-ఇంగ్రము ఆ శక్తిలోని క్రౌర్యమును, దానిపట్ల కవికి గల నిశితదృష్టిని మరింత వివరించెను. ఈ మార్గమున నాటకము కవి వాఙ్మూలము కాక నాటకముగా నిలిచెను.

ఇక కవి మరణకథను చూతము. మాసిడోనియాలో వేటకుక్కలు ఆతనిని చీల్చి చంపెనని ఒక గాథ. స్త్రీలు చీల్చి చంపిరని మరియొకటి. రెండవది పెంథ్యూసు మరణమే. మొదటిది పెంథ్యూసుకు పినతల్లి కుమారుడగు ఆక్టియాను మరణము. ఆతని పేరు బాక్ఖైలోనే పలుమారు వినవచ్చును. దేవుని ధిక్కరించిన పాత్రకు పట్టిన గతిని కవికే అంటగట్టిరన్నమాట. అట్టి జీవితకథను ఆధారముగా గొని మరల ఆ నాటకమునకు అర్థము చెప్పుట, బిందెలోని నీటిని బావిలో పోసి అదే నీటిని తోడుకొనుట వంటిది.

భారతీయులకు ఇందు మరియొక నిదర్శనము కలదు. నాటకారంభమున డయొనైససు తాను దాటివచ్చిన దేశములను లిడియా మొదలు బాక్ట్రియావరకు పేర్కొనును; వానిలో భారతదేశము లేదు. ఆ దేవుడు మనదేశమును జయించెనను గాథ క్రీ.పూ. 326లో అలెగ్జాండరు సింధునదీ ప్రాంతమునకు వచ్చిన పిదప ప్రబలినది. అనంతర గాథను పూర్వకృతిలో వెదకుట ఎంత ప్రమాదకరమో దీనివలన తేటపడును.

కాళిదాసుని మూడు కావ్యముల మొదటి పదములను ఒక వాక్యముగా కూర్చి, దానిచుట్టు ఆతని భార్య కథను అల్లిన సంప్రదాయము మనకు సుపరిచితమే. ఆ కథ కావ్యములకు వివరణము కాదు. కావ్యములే ఆ కథకు మూలము. యూరిపిడీసు విషయమున నిశ్చయముగా మనకు మిగులునవి పోటీల సంవత్సరములు, స్థానములు, నాటకముల పాఠములు. ఈ కొద్దిపాటి ఆధారముతో తృప్తిచెందిన వ్యాఖ్యాతలకే బాక్ఖై తన అర్థమును అధికముగా వెల్లడించినది.