ఫ్రెడరిక్ డగ్లసు

బానిసకు చదువు కూడదని నిషేధించిన యింట పెరిగి, చాటుగా నేర్చిన యక్షరములచేతనే తనవారి సంకెళ్లు తెంచుటకు పాటుపడిన మహనీయుడు ఫ్రెడరిక్ డగ్లసు. చదువుకొను బాలబాలికలు ఈయన చరిత్రము తప్పక తెలిసికొనవలెను.

ఈయన 1818వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, టాల్బటు కౌంటీలో జన్మించెను. బానిసల పిల్లలకు పుట్టినదినము చెప్పువారు లేరు గనుక తన జన్మదిన మేదియో ఆయన కెన్నడును తెలియలేదు. పసితనముననే తల్లియైన హారియెట్ బెయిలీని బిడ్డనుండి వేరుచేసి, పండ్రెండు మైళ్ల దూరమున పొలముపనికి పెట్టిరి. ఆమె పగలెల్ల పాటుపడి, ఎప్పుడైన రాత్రివేళ కాలినడకను వచ్చి, బిడ్డను ప్రక్కలో పరుండబెట్టుకొని నిద్రపుచ్చి, తెల్లవారకమునుపే వెడలిపోవుచుండెను. బాలుని అమ్మమ్మయే పెంచినది. అతనికి సుమారు ఏడేండ్లు వచ్చునప్పటికి తల్లి గతించెను.

1826లో ఫ్రెడరిక్ బాల్టిమోరు నగరమున ఆల్డు అను వారి యింటికి పంపబడెను. ఆ యింటి యిల్లాలు సోఫియా దయగలది. ఆమె బైబిలు చదువుచుండగా విని బాలుడు తనకును చదువు నేర్పుమని వేడుకొనెను. ఆమె సంతోషముతో అక్షరములు నేర్పసాగెను. ఈ సంగతి తెలిసి భర్త కోపించి, చదువు వచ్చినవాడు బానిసగా నుండుటకు పనికిరాడని చెప్పి మాన్పించెను. ఆ మాట బాలుని చెవిని పడెను. యజమానుడు దేనికి భయపడుచున్నాడో అదియే తనకు విడుదలమార్గమని అతడు గ్రహించెను.

అది మొదలు వీధిలో కనబడిన పేద తెల్లపిల్లలకు రొట్టెముక్క లిచ్చి, వారియొద్ద పాఠములు చెప్పించుకొనెను. ఓడలు కట్టుచోట వడ్రంగులు మ్రానులపై వ్రాయు గుర్తులను చూచి, గోడలపైనను కంచెలపైనను సుద్దముక్కతో దిద్దుకొనెను. పండ్రెండేండ్ల ప్రాయమున తాను కూడబెట్టిన 50 సెంట్లతో ఒక ఉపన్యాసముల పుస్తకము కొని, మరల మరల చదివెను.

తరువాత పల్లెకు మరలి, అచ్చటి బానిసలకు ఆదివారపు బడి పెట్టి చదువు చెప్పుచుండగా తెల్లవారు కఱ్ఱలతో వచ్చి చెదరగొట్టిరి. 1834లో క్రూరుడైన యొక రైతు చేతిక్రింద కొరడాదెబ్బలు తినెను. అయినను మఱుసటి సంవత్సరమే వేఱొకచోట నలువదిమందికి పైగా చేర్చి చాటుగా చదువు చెప్పెను.

1838 సెప్టెంబరు 3వ తేదీన కళాసి దుస్తులు ధరించి, యొకని కాగితములు ఎరువు తీసికొని, రైలెక్కి న్యూయార్కు చేరెను. సాయపడిన ఆనా మర్రేను వివాహమాడి, న్యూబెడ్‌ఫర్డులో కూలిపని చేయుచు డగ్లసు అను పేరు పెట్టుకొనెను. 1841లో నాన్టకెట్టు సభలో మాటలాడినది మొదలు బానిసత్వ నిర్మూలన సంఘమువారి ఉపన్యాసకు డాయెను.

ఇంత చక్కగా మాటలాడువాడు బానిసయై యుండడని కొందఱు సందేహించిరి. నిరూపింపవలెనన్న యజమానుల పేర్లు, ఊళ్లు బయటపెట్టవలెను. చట్టప్రకారము ఆయన యింకను పరులసొత్తే గనుక పట్టుకొనిపోవుదురు. ఊరకున్న క్షేమమే. అయినను 1845లో పేర్లతోసహా స్వీయచరిత్ర ప్రకటించి, ఐర్లండు, ఇంగ్లండు దేశములకు వెళ్లెను. 1846లో అచ్చటి స్నేహితులు 150 పౌనులు చెల్లించి ఆయనకు స్వాతంత్ర్యము కొనిరి. అచ్చటనే సుఖముగా నుండవచ్చును గాని, బంధములలో నున్న వారికొఱకు 1847లో మరలివచ్చి, రోచెస్టరులో పత్రిక స్థాపించెను. రాత్రులందు పారిపోవు బానిసలకు దారిచూపు ధ్రువనక్షత్రము పేరే దానికి పెట్టెను.

1861లో అంతర్యుద్ధము రాగా, నల్లవారిని సైన్యమున చేర్చుటకు పాటుపడి, తన కుమారులను గూడ పంపెను. వారికి సమాన జీతము కావలెనని 1863లో అధ్యక్షుడైన లింకనును కలిసికొని వాదించెను. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దాయెను. 1877లో, మరణశయ్యపై నున్న పూర్వపు యజమానుని చూడబోయి పగలేక మాటలాడెను. 1895 ఫిబ్రవరి 20వ తేదీన పగలు స్త్రీల సభకు వెళ్లివచ్చి, ఆ సాయంకాలమే పరమపదించెను.

బాలబాలికలారా! రొట్టెముక్క లిచ్చి కొనుక్కొన్న చదువును డగ్లసు దాచుకొనక, తన్నులు తినియు పరులకు పంచెను. మనకు అడ్డులేక దొరకుచున్న చదువును మన యింటిప్రక్కనున్న చదువురానివారికి పంచకుండుట తగునా?