మెక్‌ఫర్సన్ గీసింది చౌక కారుకు

ఢిల్లీలో కశ్మీరీ గేట్ విడిభాగాల బజారుకు వెళ్లి కారు ముందు సస్పెన్షన్ గురించి అడిగితే, కాసేపటికి ఒక అమెరికన్ ఇంటిపేరు వినబడుతుంది. మెక్‌ఫర్సన్. పోలో జీటీ టీఎస్ఐకో, ఆక్టేవియా ఆర్‌ఎస్‌కో పొట్టి స్ప్రింగులు వేయించి బండిని నేలకు దించాలనుకునే గురుగ్రామ్, నోయిడా కుర్రాళ్లకు అది ఒక భాగం పేరు. అంతకుమించి పట్టింపు లేదు. కానీ ఆ పేరుగల మనిషి ఏ కారు కోసం దాన్ని గీశాడో తెలిస్తే, డబ్బు దేనికి ముందు ఖర్చు పెట్టాలో, దేనికి తర్వాత పెట్టాలో కూడా తెలుస్తుంది.

ఎర్ల్ స్టీల్ మెక్‌ఫర్సన్ 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. 1915లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకుని డెట్రాయిట్‌లో చామర్స్ అనే కార్ల కంపెనీలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం తరఫున యూరప్ వెళ్లి విమానాల ఇంజిన్ల మీద పనిచేశారు. తిరిగొచ్చాక లిబర్టీ, ఆ తర్వాత హప్‌మొబైల్. ఈ కంపెనీలేవీ ఇప్పుడు లేవు. 1934లో జనరల్ మోటార్స్‌కు మారి, షెవర్లే విభాగంలో డిజైన్ బాధ్యతల్లోకి ఎదిగారు.

ఆయన జీవితంలో అసలు కథ 1945లో మొదలవుతుంది. యుద్ధం ముగిశాక చిన్న కార్లకు గిరాకీ వస్తుందని షెవర్లే లెక్కేసింది. ఆ కారు బాధ్యత మెక్‌ఫర్సన్‌కు అప్పగించింది. పేరు క్యాడెట్. బరువు 2,200 పౌండ్లు, అంటే సుమారు 1,000 కిలోలు దాటకూడదు. ధర 1,000 డాలర్లు మించకూడదు. అయినా నాలుగు చక్రాలూ దేనికదే విడిగా కదలాలి, ప్రయాణం పెద్ద కారంత మెత్తగా ఉండాలి. అప్పటి పద్ధతిలో ఒక్కో ముందు చక్రానికి పైనొకటి, కింద ఒకటి చొప్పున రెండు ఆర్మ్‌లు, వాటి మధ్య స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ పెట్టాలి. అన్ని భాగాలు పెడితే ఆ ధర కుదరదు.

మెక్‌ఫర్సన్ పై ఆర్మ్‌ను తీసేశారు. షాక్ అబ్జార్బర్‌ను నిలువు స్తంభంగా మార్చి, దాని చుట్టూ స్ప్రింగు చుట్టి, పైకొనను కారు బాడీకే బిగించారు. కింద ఒకే ఆర్మ్. స్టీరింగ్ తిప్పితే స్తంభం మొత్తం తిరుగుతుంది. ఇదే స్ట్రట్. ఇదంతా శూన్యంలోంచి పుట్టలేదు. ఫియట్ ఇంజినీర్ గుయిడో ఫోర్నాకా 1920లలోనే ఇలాంటి ఆలోచన చేశారు. అయితే దాన్ని వేలల్లో, తక్కువ ఖర్చుతో తయారుచేయగలిగేలా తీర్చిదిద్దిన పని మాత్రం మెక్‌ఫర్సన్‌దే.

క్యాడెట్ రోడ్డెక్కలేదు. పెద్ద కార్లు తయారైనవి తయారైనట్టు అమ్ముడవుతున్న రోజులవి, పైగా ఉక్కు కొరత. అనుకున్న ధరకు చేయగలమన్న నమ్మకం కూడా కంపెనీలో పోయింది. 1947లో ప్రాజెక్టును ఆపేశారు. అదే ఏడాది మెక్‌ఫర్సన్ జనరల్ మోటార్స్ వదిలి ఫోర్డ్‌లో చేరారు. సస్పెన్షన్ పేటెంట్ దరఖాస్తు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఫోర్డ్ తరఫున ఆయన మరో రూపంతో ఇంకో దరఖాస్తు వేశారు. రెండూ 1953లోనే మంజూరయ్యాయి. స్ట్రట్ మొదట ఫ్రాన్స్‌లో ఫోర్డ్ వెడెట్‌కు, 1950లో బయటికొచ్చిన బ్రిటిష్ ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లకు ఎక్కింది. 1952లో ఆయన ఫోర్డ్ ఇంజినీరింగ్ ఉపాధ్యక్షుడయ్యారు. 1958లో రిటైరై, 1960లో చనిపోయారు. చిత్రమేమిటంటే, అమెరికాలో ఫోర్డ్ తన సొంత కార్లకు ఈ స్ట్రట్‌ను వాడింది 1970ల చివర్లోనే.

ముందు చక్రాలను ఇంజిన్ తిప్పే చిన్న కార్లు వచ్చాక స్ట్రట్ దశ తిరిగింది. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టాలంటే చక్రాల మధ్య చోటు కావాలి. పై ఆర్మ్ లేని స్ట్రట్ ఆ చోటు మిగిల్చింది. 1983 డిసెంబరు 14న గురుగ్రామ్‌లో (అప్పటికింకా గుర్గావ్) తొలి మారుతి 800 కొనుగోలుదారు చేతికి వెళ్లింది. దాని ముందు చక్రాల దగ్గర ఉన్నదీ మెక్‌ఫర్సన్ స్ట్రట్టే. టోర్షన్ బార్ల మీద నడిచే అంబాసిడర్‌కు అలవాటుపడిన రోడ్ల మీదికి, క్యాడెట్‌తో సాధ్యంకాని చౌక కారు ఇలా వచ్చిందనుకోవచ్చు.

ఇక పెర్ఫార్మెన్స్ కార్ల సంగతి. మలుపులో బండి పక్కకు ఒరిగినప్పుడు, బయటి వైపు టైరు నేల మీద సమంగా ఆనాలంటే చక్రం పైభాగం కాస్త లోపలికి వాలాలి. దీన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. రెండు ఆర్మ్‌ల పద్ధతిలో సస్పెన్షన్ అణిగే కొద్దీ ఆ వాలు దానంతటదే పెరిగేలా గీయొచ్చు. స్ట్రట్‌తో అది కొద్దిగానే సాధ్యం. పైగా ఆ కొద్దిపాటి లాభం ఫ్యాక్టరీ ఇచ్చిన ఎత్తు మీద, కింది ఆర్మ్ కోణం మీద ఆధారపడి ఉంటుంది. బండిని మరీ దించితే ఆర్మ్ బయటి కొన పైకి లేస్తుంది. అక్కడి నుంచి సస్పెన్షన్ అణిగినప్పుడు చక్రం లోపలికి కాదు, బయటికి వాలడం మొదలుపెడుతుంది. బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ కూడా, బండి దిగినదానికంటే ఎక్కువ కిందికి జారిపోతుంది. కాబట్టి గట్టి స్ప్రింగుతో వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది. చూడ్డానికి చిరుతపులిలా పొంచి ఉన్న బండి మలుపులో తడబడటానికి చాలాసార్లు కారణం ఇదే.

అందుకే ముందుగా చేతిలో ఉన్నది చూసుకోవాలి. అరిగిన లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన ఉండే రబ్బరు మౌంట్లు మార్చకుండా ఖరీదైన కాయిలోవర్లు బిగించడం పుచ్చిన దూలానికి రంగు వేయడమే. ఆ తర్వాత స్ప్రింగు, డ్యాంపర్ ఒకదానికొకటి సరిపోయే జత కావాలి. ఫ్యాక్టరీ డ్యాంపర్ మీద పొట్టి స్ప్రింగు వేస్తే దానికి కదిలే దూరం తగ్గిపోతుంది. నోయిడా కాలనీల స్పీడ్ బ్రేకర్ల మీద బంప్ స్టాప్‌కు కొట్టుకుంటుంది. స్ప్రింగును కోయించడం ఇంకా ప్రమాదం, సస్పెన్షన్ పూర్తిగా సాగినప్పుడు అది తన గూటిలోంచి జారవచ్చు. ట్రాక్ మీద నడిపేవాళ్లకు క్యాంబర్ ప్లేట్లు నిజంగా పనికొస్తాయి. కానీ వాటిలో రబ్బరు బదులు లోహపు జాయింటు ఉంటే రోజూ ఆఫీసుకు వెళ్లే బండిలో చప్పుడు భరించాలి. దించి తీరాలనుకుంటే ఆర్మ్ కోణాన్ని సరిచేసే పొడవాటి బాల్ జాయింట్లనూ బడ్జెట్‌లో కలుపుకోవాలి. దుకాణంలో అమ్మకానికి ముందుండేవి స్ప్రింగులు. ఈ జాయింట్లను అడిగి తెప్పించుకోవాల్సిందే.

చట్టం సంగతీ ఉంది. తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కేరళది, తీర్పు దేశమంతటికీ.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటే వేగం రాదనుకోవడం కూడా పొరపాటే. పోర్షే 911 ముందు చక్రాలకు 1964 నుంచీ ఉన్నది అదే. రేసు కారుకు దగ్గరగా ఉండే జీటీ3 రకంలో దాన్ని వదిలి రెండు ఆర్మ్‌లకు మారింది 2021లో. అప్పటివరకూ పోర్షే ఇంజినీర్లు కూడా ఆ చౌక కారు బొమ్మలోనే, ఎత్తును, కోణాలను కొలుచుకుంటూ సర్దుకొచ్చారు.