శాంతి పథికుడు వినోబా

కొరాపుట్ కొండలకూ మన పార్వతీపురం, సాలూరు మన్యానికీ నడుమ రాష్ట్రాల సరిహద్దు ఉన్నది గాని, ఆ కొండల్లోని పేదరికానికి సరిహద్దు లేదు. 1955లో ఒరిస్సా పర్యటన ముగించుకొని ఆచార్య వినోబా భావే ఆ కొండలు దాటి కాలినడకన ఉత్తరాంధ్రలో ప్రవేశించారు. అప్పటికి ఆయనకు అరవై ఏండ్లు. చేతిలో అధికారం లేదు, వెంట సాయుధ బలం లేదు. ఆయన యాచించినది భూమి, ఆశించినది శాంతి. ఈ రెండింటికీ గల సంబంధాన్ని అన్వేషించడమే ఆయన జీవిత చరిత్ర.

వినాయక నరహరి భావే 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదే గ్రామంలో జన్మించారు. యౌవనంలో ఆయన మనస్సును రెండు మార్గాలు ఆకర్షించాయి. ఒకటి హిమాలయాల తపోమార్గం. రెండవది వంగదేశపు విప్లవకారుల సాయుధ మార్గం. 1916లో ఇంటర్మీడియట్ పరీక్షకని బొంబాయికి బయలుదేరిన ఆ యువకుడు సూరత్‌లో రైలు దిగి కాశీకి వెళ్లిపోయారు. హిందూ విశ్వవిద్యాలయ శంకుస్థాపన సందర్భంలో గాంధీజీ చేసిన ప్రసంగాన్ని అక్కడ చదివి చలించిపోయారు. ఆ జూన్ 7న అహమ్మదాబాదులోని కోచరబ్ ఆశ్రమంలో గాంధీజీని దర్శించారు. హిమాలయాల శాంతీ, వంగదేశపు విప్లవాగ్నీ ఆ ఒక్క వ్యక్తిలోనే ఆయనకు గోచరించాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలోనికి బ్రిటిష్ ప్రభుత్వం ప్రజల సమ్మతి లేకుండానే భారతదేశాన్ని ఈడ్చింది. దానిని ప్రతిఘటించడానికి గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహం తలపెట్టి, ప్రథమ సత్యాగ్రహిగా వినోబాను ఎన్నుకొన్నారు. జవహర్‌లాల్ నెహ్రూది రెండవ స్థానం. 1940 అక్టోబరు 17న పౌనార్‌లో యుద్ధ వ్యతిరేక ప్రసంగం చేసి ఆయన కారాగారానికి వెళ్లారు.

పరాయి ప్రభుత్వపు యుద్ధాన్ని ప్రశ్నించడం ఒక ఎత్తు. స్వదేశపు తుపాకిని ప్రశ్నించడం మరొక ఎత్తు. ఆ పరీక్ష 1951లో తెలంగాణలో ఎదురైంది. నాడు అక్కడి పల్లెలు రాత్రివేళ సాయుధ దళాలకూ, పగటివేళ పోలీసు బలగాలకూ భయపడుతూ బ్రతుకుతున్నాయి. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా ప్రాంతం నుండి నడచి వచ్చిన వినోబా, హైదరాబాదు జైలులోని కమ్యూనిస్టు ఖైదీలను కలుసుకొన్న పిమ్మట పల్లెలకు బయలుదేరారు. దళాల హత్యలను ఆయన సమర్థించలేదు. అయితే ఒక ఆశయానికి కట్టుబడిన మనుషులను పోలీసు బలంతో వేటాడితే సమస్య తీరుతుందని కూడా నమ్మలేదు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై హరిజన కుటుంబాలు ఎనభై ఎకరాలు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమానికి అదే అంకురార్పణ.

1957లో వినోబా శాంతిసేనను నెలకొల్పారు. ప్రజలే నిరాయుధంగా కలహాలను నివారించగలిగితే ఆయుధం అనావశ్యకమవుతుందన్నది దాని సూత్రం. 1960లో చంబల్ లోయలో పేరుమోసిన బందిపోట్లు ఆయన ఎదుట ఆయుధాలు విడిచారు. 1962లో ఇద్దరు యువకులు ఆయన ఆశీస్సులతో అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా ఢిల్లీ నుండి ప్రపంచ యాత్రకు కాలినడకన బయలుదేరారు. ఆ ఏడాదే చైనా యుద్ధం వచ్చింది. దేశరక్షణ ధర్మానికీ అహింసా ధర్మానికీ నడుమ సర్వోదయ కార్యకర్తలు నలిగిపోయారు. వారికి ఆ ప్రశ్న సులభంగా తెగలేదు.

అంతకన్న కఠినమైన ప్రశ్న మన జిల్లాలనుండే వచ్చింది. 1967 అక్టోబరు 31న పార్వతీపురం మన్యం చేరువలోని లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల వర్గం కాల్పులకు బలియైనారు. పిదప మన్యం సాయుధ పోరాటంతో అట్టుడికింది. ఒకవైపు భూస్వాముల, వడ్డీ వ్యాపారుల హత్యలు. మరొకవైపు పోలీసు కాల్పులు. ఉద్యమ నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పినవారు. 1970 జూలైలో ఇరువురూ పోలీసుల చేతిలో మరణించారు. పన్నెండేండ్ల క్రితం వినోబా నడచిన సీమలలోనే తుపాకి మళ్లీ మ్రోగిందంటే కారణం స్పష్టమే: మన్యంలో గిరిజనుని భూమి గిరిజనునికి దక్కలేదు. దేశమంతటా నలభై లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటితమైనా, అందులో పెద్ద భాగం పంపకానికి నోచుకోలేదు; కొంత సేద్యానికే పనికిరానిది.

1975 నాటి అత్యవసర పరిస్థితిని ఆయన సూటిగా ఖండించలేదన్న విమర్శ కూడా ఉన్నది. 1982 నవంబరు 15న పౌనార్‌లో, ఆహారమూ ఔషధమూ త్యజించి దేహం చాలించారు. మరుసటి ఏడు భారతరత్న ఆయనకు మరణానంతరం లభించింది.

వినోబా సాధించినది అసంపూర్ణం. కాని ఆయన నిలబడిన చోటు అపూర్వం. దళాల కత్తిని నిరసిస్తూ ప్రభుత్వపు తుపాకిని మెచ్చుకోలేదు. తుపాకిని నిరసిస్తూ కత్తిని కీర్తించలేదు. పొలం లేని ఇంట శాంతి నిలువదని చెప్పి, ఆ పొలం కోసం ఊరూరా చేయి చాచారు. ఆ చేతిలో పడిన పత్రాలు పొలాలుగా మారనంతకాలం, ఆయన పాదయాత్ర ముగిసినట్లు కాదు.