గుమ్మటాలు కట్టిన రైల్వే ఇంజనీరు

పిల్లలూ, మీ ఇళ్లల్లో తాతయ్యలెవరైనా పాతకాలపు రైల్వే ఉద్యోగులైతే బీఎన్ఆర్ అన్న మాట మీరు వినే ఉంటారు. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వైపు వేసిన దారిలోనే మన బిలాస్‌పూర్ రైల్వే ఊరుగా ఎదిగింది. అదే కంపెనీ పట్టాలు అటు వాల్తేరు దాకా వెళ్లాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు ఇంతమంది ఇక్కడికీ, ఖరగ్‌పూర్‌కీ వచ్చి స్థిరపడ్డారంటే ఆ పట్టాల పుణ్యమే. ఆ కంపెనీలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసిన ఒకాయన తర్వాత హైదరాబాదు వెళ్లి, మూసీ ఒడ్డున మనం ఇప్పటికీ చూసే పెద్ద పెద్ద కట్టడాలకు రూపమిచ్చారు. ఆయన పేరు విన్సెంట్ ఎష్.

ఈసారి ఆయన గురించే ఎందుకు రాస్తున్నామంటే, పదో తరగతి పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఆర్కిటెక్చర్ చదువుతామని అంటున్నారు. బొమ్మలు బాగా గీస్తాం కదా అన్నది వాళ్ల ధీమా. బొమ్మ గీయడం కావలసిందే. కానీ ఆర్కిటెక్ట్ గీసేది గోడల బొమ్మే అయినా, ఆయన నిజంగా ఆలోచించవలసింది ఆ గోడల మధ్య మిగిలే ఖాళీ గురించి. మనుషులు తిరిగేది అందులోనే. ఎష్ జీవితం చూస్తే ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది.

ఆయన 1876లో ఇంగ్లండులో పుట్టారు. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల వయసులో, అంటే 1899 నాటికి, బీఎన్ఆర్ కొలువులో ఉన్నారు. రైల్వేలో ఇంజనీరు పని ఎలాంటిదో మీకు ఒకరు చెప్పక్కర్లేదు, మీ ఇళ్లల్లోనే చూస్తున్నారు. ఎండ ఎంత, వాన ఎంత, నేల ఎంత బరువు మోస్తుంది, చేతిలో డబ్బెంత, పని ఎన్నాళ్లకు తేలాలి, ఇవన్నీ తేలాకే అందం మాట. అందం తెలిసినవాడికి ఈ లెక్కలు కూడా తెలియడమే ఆయనకు కలిసివచ్చిందని మా అభిప్రాయం.

అప్పట్లో కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ కట్టాలని నిశ్చయించారు. నమూనా విలియం ఎమర్సన్‌ది. ఆయన ఉండేది ఇంగ్లండులో. ఇక్కడ దగ్గరుండి పని చేయించడానికి నమ్మకమైన మనిషి కావాలి. 1902లో నమూనా చిత్రాలు గీయడానికి ఎమర్సన్ ఎష్‌ను పెట్టుకున్నారు. తర్వాత ఆ కట్టడానికి పర్యవేక్షక ఆర్కిటెక్ట్ కూడా ఎష్ అయ్యారు. 1906లో శంకుస్థాపన జరిగితే ప్రారంభోత్సవం 1921లో. పదిహేనేళ్లు! రాజస్థాన్‌లోని మక్రానా నుంచి పాలరాయి రావాలి, నదీతీరపు మెత్తని నేల మీద అంత బరువు నిలబడాలి. ఊహ ఒకరిది, బాధ్యత ఇంకొకరిది. అలాంటి పనికి చాలా ఓర్పు కావాలి.

1907 ప్రాంతంలో పాత యజమాని బీఎన్ఆర్ ఆయనకు సొంతంగా ఒక పెద్ద పని ఇచ్చింది. కలకత్తా గార్డెన్ రీచ్‌లో, హుగ్లీ ఒడ్డున, కంపెనీ ప్రధాన కార్యాలయం. గుమ్మటాలతో ఉన్న ఆ భవనం ఇప్పుడు ఆగ్నేయ రైల్వే కేంద్ర కార్యాలయం. 2003లో మన బిలాస్‌పూర్‌కు సొంత జోన్ వచ్చేదాకా ఇక్కడి డివిజన్‌కు పెద్ద ఆఫీసు అదే. అంటే మన కాలనీలో ఎంతమంది తలరాతలు ఆ గుమ్మటాల కింద తేలాయో మీరే ఊహించుకోండి.

ఇక హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఆ ఊరి చరిత్రను రెండు ముక్కలు చేసింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఆసుపత్రి కూడా పోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మళ్లీ ఇలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచారు. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నదికి ఇరువైపులా నగరాన్ని తిరిగి కట్టే పని మొదలైంది. అందుకోసం 1914లో ఎష్‌ను నిజాం ప్రభుత్వం పిలిపించుకుంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డెప్యుటేషన్ మీద వచ్చారన్నమాట. అప్పటికి ఆయన వయసు ముప్పై ఎనిమిది.

బదిలీ మీద కొత్త ఊరు చేరినవాళ్లు రెండు రకాలుగా ఉంటారు. పాత ఊళ్లో ఎలా బతికామో ఇక్కడా అలాగే బతుకుతామనేవాళ్లు కొందరు. ఈ ఊరివాళ్లు ఎలా ఉంటారో ముందు చూద్దామనేవాళ్లు కొందరు. ఎష్ రెండో రకం. ఆయన హైదరాబాదు పనులు చూస్తే కమాన్లు, జాలీలు, ఛత్రీలు, గుమ్మటాలు, మినార్లు, అన్నీ ఆ నేల మీద వందల ఏళ్లుగా జనం చూస్తూ వచ్చినవే. అయితే పాతదాన్ని మక్కీకి మక్కీ దించలేదు. 1916లో తయారైన కాచిగూడ స్టేషను సంగతే తీసుకోండి. పైకి చూస్తే నవాబుల కోటలా ఉంటుంది, కానీ కట్టింది అప్పటికి ఇంకా కొత్త సరుకైన కాంక్రీటుతో. పరదా పాటించే స్త్రీలు నలుగురి కంటా పడకుండా రైలెక్కడానికి అందులో విడిగా ఏర్పాటు కూడా ఉండేది. ఆ ఆచారం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ రోజుల్లో ఆ ఏర్పాటు లేకపోతే ఆ ఆడవాళ్లలో చాలామందికి రైలు ప్రయాణమే ఉండేది కాదు. గుమ్మటం కన్నా ఆ దారే మాకు గొప్పగా తోస్తుంది.

తర్వాత మూసీ దక్షిణపు ఒడ్డున హైకోర్టు. 1915లో మొదలై 1919లో పూర్తయింది, 1920లో తెరిచారు. ఎర్రరాయి, గులాబీ రంగు గ్రానైటు కలిసిన ఆ భవనం ఒక్క ఎష్ సృష్టి అనుకోకూడదు. నమూనా గీసినవాడిగా జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ పేరు, కట్టించిన ఇంజనీరుగా మెహర్ అలీ ఫజిల్ పేరు కూడా చెబుతారు. రాళ్లు చెక్కినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. దాని పక్కనే సిటీ హైస్కూలు, అదే ఇప్పటి సిటీ కాలేజీ, 1921 నాటిది.

అన్నిటికన్నా మాకు నచ్చేది అవతలి ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి. పాత ఆసుపత్రిని వరద తీసుకుపోయిన చోటే లేచింది. ఆ రోజుల్లో పెన్సిలిన్ లేదు, దాన్ని కనిపెట్టింది 1928లో. గాయం కుళ్లకుండా, జబ్బు పక్క మంచానికి పాకకుండా ఆపడానికి గాలీ వెలుతురూ పెద్ద దిక్కు. అందుకే అంత ఎత్తైన కప్పులు, పొడవాటి వరండాలు, పెద్ద కిటికీలు. బయటినుంచి చూసేవాడికి అది రాజభవనం. లోపల మంచం మీద పడుకున్నవాడికి అవి ఊపిరాడే నాలుగు గోడలు. పేదవాడు వైద్యానికి వచ్చే చోటు రాజభవనంలా ఎందుకు ఉండకూడదు?

విమర్శ లేకపోలేదు. కొత్త అవసరాల భవనానికి పాత వేషం వేశారనీ, ఏది భారతీయమో ఒక ఆంగ్లేయుడు తేల్చడమేమిటనీ అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం ఉంది. అప్పటి పాలన అలాంటిది. కానీ వరండాలో నీడన కూర్చున్న రోగి బంధువుకు ఆ నీడ ఎవరు గీశారన్నది పట్టదు.

మన కాలనీలోని పాత బంగళాలను ఒకసారి ఇదే కంటితో చూడండి. మందపు గోడలు, చుట్టూ వరండా, కప్పు దగ్గర చిన్న వెంటిలేటర్లు. వేడిగాలి పైకి పోతుంది, ఆ కిటికీలోంచి బయటపడుతుంది. మే నెలలో బిలాస్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో తెలిసిన మనకు దాని విలువ చెప్పనక్కర్లేదు. రేపు ఆదివారం మీ క్వార్టర్ నేల కొలతలు తీసి, గళ్ల కాగితం మీద గీయండి. గాలి ఎటునుంచి వస్తుందో బాణం గుర్తు పెట్టండి. అమ్మ రోజూ ఎక్కువసేపు నిలబడేది ఎక్కడో, అక్కడికి ఆ గాలి చేరుతోందో లేదో చూడండి. గీసిన కాగితాలు తెలుగు క్లాసుకు తెస్తే గోడ మీద పెడదాం.

ఎష్ 1920ల మొదట్లో ఇంగ్లండు తిరిగి వెళ్లిపోయారు. 1925లో ఆసుపత్రి పూర్తయ్యేనాటికి ఇక్కడ లేరు. పెరట్లో మామిడి మొక్క నాటి, కాయ కాసేలోపు ఆర్డరు వచ్చి సామాను సర్దుకున్న ఇళ్ల పిల్లలు మీరు. అదెలా ఉంటుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆయన మాత్రం ఈ ఊరిని మరిచిపోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1942లో, లండన్ పత్రిక ఒకదానిలో హైదరాబాదు కట్టడాల మీద వ్యాసం రాశారు. 1950లో కన్నుమూశారు.

కాచిగూడలో ఇప్పటికీ రైళ్లు ఆగుతున్నాయి. ఆసుపత్రి పరిస్థితి అలా లేదు. ఏళ్ల తరబడి మరమ్మతులు సరిగా లేక, 2020 జూలై వానలకు పాత భవనంలోకి నీళ్లు వచ్చి రోగులను బయటికి తరలించారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన అయింది. పాత భవనం నిలవాలనే మేము కోరుకుంటాం. మీలో సెలవులకు హైదరాబాదు వెళ్లేవాళ్లు నయాపూల్ మీద ఒక్క నిమిషం ఆగి, నీళ్లు వచ్చే వైపు తిరిగి నిలబడండి. ఎడమచేతి వైపు కోర్టు, కుడిచేతి వైపు ఆసుపత్రి కనబడతాయి. ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టు ఇంకా ఉంది.