నరాల వైద్యానికి ఆద్యుడు డాక్టర్ షార్కో

రెండేళ్ల క్రితం నవంబరులో నా లైఫ్ సర్టిఫికెట్ తిరిగి వచ్చింది, సంతకం పాత సంతకంతో సరిపోలేదని. ముప్పయ్యేళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసిన చెయ్యి ఇది! అక్షరాలు రానురాను చీమలంత అయిపోయాయి. చొక్కా గుండీలకే పావుగంట పట్టేది. ఇంట్లో వాళ్లు బద్ధకమనుకున్నారు, నిజానికి నేనూ అలాగే అనుకున్నాను. డాక్టరుగారు చూసి పార్కిన్సన్ జబ్బన్నారు. ఆ పేరు పెట్టినదెవరా అని చదివితే తెలిసినది ఈ మహనీయుని చరిత్ర.

జాన్ మార్టిన్ షార్కో 1825 నవంబరు 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి గుర్రపు బండ్లు తయారుచేసేవారు. 1853లో వైద్య పట్టా పొంది, 1862లో సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో ఒక విభాగానికి అధిపతి అయ్యారు. ఒకప్పుడు అక్కడ తుపాకి మందు తయారయ్యేదట. ఆయన నాటికి దిక్కులేని వృద్ధ స్త్రీలు, మతిచలించినవారు వేల సంఖ్యలో ఉండేవారు. పేరు తెచ్చుకోవాలనుకునే డాక్టరు కోరి వెళ్లే చోటు కాదు. షార్కో మాత్రం జీవితాంతం అక్కడే పనిచేశారు.

తోటి వైద్యుడు వుల్పియన్‌తో కలిసి ఒక్కొక్కరినీ పరీక్షించి, అన్నీ రాసిపెట్టుకునేవారు. రోగి మరణించాక మెదడు, వెన్నుపాము పరిశీలించి, రాసుకున్నదానితో సరిచూసేవారు. చివరి కాగితం చేరేదాకా ఫైలు మూయని మనిషి అన్నమాట.

లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే ఆరుగురిని గమనించి, ఈ జబ్బును వణుకుడు పక్షవాతంగా వర్ణించారు. షార్కో ఇది పక్షవాతం కాదన్నారు. కండబలం చాలాకాలం ఉంటుంది, కదలికే మందగిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, కొందరికి వణుకే ఉండదు. అందుకని పాత పేరు మాన్పించి పార్కిన్సన్ పేరు నిలబెట్టారు. తన పేరు పెట్టుకోలేదు. రోగుల చేతిరాతనూ పరిశీలించేవారని చదివినప్పుడు నా సంతకం గుర్తొచ్చింది. వణుకుల్లో తేడా విద్యార్థులకు దూరానికి కనబడేలా రోగుల టోపీలకు ఈకలు పెట్టించేవారట. బండిలో, రైల్లో కుదుపులకు హాయిగా ఉంటోందని రోగులు చెబితే, అదిరే కుర్చీ ఒకటి చేయించారు. జబ్బు నయం కాలేదు గానీ, రోగి మాట విన్నారు కదా!

1882లో నరాల జబ్బులకు ప్రత్యేక ఆచార్య పదవి ఆయన కోసమే ఏర్పడింది. 1885లో ఫ్రాయిడ్ వచ్చి శిష్యరికం చేశాడు. హిస్టీరియా, హిప్నాటిజం విషయాల్లో మాత్రం ఆయన సిద్ధాంతాలు నిలవలేదు. ఆ స్త్రీలను జనం ముందు ప్రదర్శించడం నాకూ నచ్చలేదు.

1893 ఆగస్టు 16న, 67వ ఏట, ప్రయాణంలో ఉండగా మరణించారు.

నేను కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చాను. ఇది మాత్రం నేను చెబుతుంటే మా మనవరాలు రాసిపెట్టింది.